ఒక మార్కు ప్రశ్న

రెండో మిడ్ పేపర్లు.
ఫ్యాన్ గాలికి ఎగరకుండా డస్టర్ బరువు పెట్టి
దిద్దుతున్నాను.
"రూటింగ్ ప్రొటోకాల్ ఏ పొరకు చెందును?"
కీలో ఒకే ఒక అంకె: మూడు.

మైలపల్లి నూకరత్నం అంకె వెయ్యలేదు.
జాగా చాలక మార్జిన్లోకి పాకి
ఇలా రాసింది:
"ఏ పొరకి పని చేస్తాదంటే మూడు.
దేని మీదెక్కి వస్తాదంటే
ఒక్కోటీ ఒక్కోలాగ.
మీరేది అడిగారో రాయలేదు సార్."

ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.

నిజమే.
ఏడు గీతలు గీసి ఏడంతస్తుల మేడ అన్నది నేనే.
ఏ వాటాలో ఎవరుంటారో
అద్దె రసీదుల్లా రాయించిందీ నేనే.
మేడకి మెట్లు గీయడం మర్చిపోయాను.

రిప్ ఉంది, పాతకాలం మనిషి.
మా ఊళ్ళో పోర్టంటే ఒక్కటే గానీ
అక్కడ అరవై అయిదు వేల పైచిలుకు రేవులు.
అయిదువందల ఇరవయ్యో రేవులో యూడీపీ పడవెక్కి
అరనిమిషానికోసారి
తెలిసిందంతా అరిచేస్తుంది.
అందిందా అని అడగదు.
పదిహేను మజిలీల దాకానే దానికి లెక్క,
పదహారంటే అనంతం.
మా తాత కూడా అంతే,
పూడిమడక దాటితే అన్నీ దూరదేశాలే.

ఓఎస్‌పీఎఫ్‌కి ఆ పడవా అక్కర్లేదు.
ఐపీ పొట్లం మీద ఎనభైతొమ్మిది అని వేసుకుని
పక్కింటికి నడిచిపోతుంది.
పక్కింటికి దారి ఎవర్నడగాలి?
పది సెకన్లకోసారి "ఉన్నావా?"
నలభై సెకన్లు పలక్కపోతే
ఉన్నవాడైనా పోయినట్టే లెక్క.
తుఫాను రాత్రి జాలారిపేటలో
గోడలు తట్టి తట్టి
ఇళ్ళు లెక్కపెట్టుకున్నట్టు.

ఐఎస్-ఐఎస్ మరీను.
ఐపీని కూడా ముట్టుకోదు,
చెప్పుల్లేకుండా రెండో అంతస్తు గచ్చు మీదే తిరుగుతుంది.

ఇక బీజీపీ.
పెద్దరికం. టీసీపీ లేందే నోరు విప్పదు.
నూటడెబ్బైతొమ్మిదో రేవులో ముందు పలకరింపులు,
అటూ ఇటూ మూడు.
ప్రతి మాటకీ అందినట్టు సంతకం.
కానీ ఆ పలకరింపు చేరడానికి
ముందే ఒక దారుండాలి కదా.
దారి చెప్పేవాడు రావడానికీ దారే కావాలి.
ఏటా ఇక్కడికొచ్చేసరికి
నాకు దగ్గొస్తుంది.

సాయంత్రం కంచరపాలెం గేటు దగ్గర ఆగాను.
పట్టాల మీద తోపుడు ట్రాలీ.
గొడుగు కింద ఇంజనీరు,
వెనక చెప్పుల మోతతో నలుగురు.
పట్టా బాగుందో లేదో చూడ్డానికి
ఆ పట్టా మీదే పోతున్నారు.
దాన్ని రైలందామా, పట్టా అందామా?
గేటెత్తారు. వెనక ఆటో హారన్ కొడుతూనే ఉంది.
నేను బండి తియ్యలేదు.

మర్నాడు అడిగాను,
నీకెలా తట్టిందమ్మా అని.
"మా నాన్న పైలట్ లాంచీలో తాడు పడతాడు సార్.
బయట లంగరేసిన ఓడకి
లోపలికొచ్చే కాలవ తెలీదు.
తెలిసినాయన ఈదుకుంటా ఎల్లలేడు గదా.
మా నాన్నోళ్ళ లాంచీ ఎక్కి
డాల్ఫిన్ కొండ దాటి ఎల్తాడు,
తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు.
అలాగని ఆయన్ని లాంచీ మనిషంటామేటి?"

కాసేపాగి,
"లాంచీకి ఓడ పనేటో తెలీదు సార్.
అలలొచ్చినప్పుడు మాత్రం గట్టిగా పట్టుకుంటాది."

మార్కు వేశాను.
పక్కన ఇంకో సగం వెయ్యబోతే
ఆ కాగితంలో దానికి గడి లేదు.

ఈ ఏడు బోర్డు మీద
మేడకంటే ముందు మెట్లు గీశాను.
"అవి ఏ అంతస్తువి సార్?"
వెనక బెంచీ.
నూకరత్నం వెనక్కి తిరిగి వాడికేదో చెబుతోంది.
ఇంతలో బెల్లు.